పాలబండికి పెద్ద ఇంజను అవసరమా?

పితికిన పాలను సాధ్యమైనంత త్వరగా, మూడు నాలుగు గంటలు దాటకుండా చల్లబరచాలి. వేసవిలో ఈ గడువు ఇంకా తగ్గుతుంది. సంఘం బండి దారిలో ఆగి పాలు విరిగితే ఆ నష్టం చివరకు సభ్యుల పక్షం బిల్లు మీదనే పడుతుంది. కనుక బండి బాగోగులు డ్రైవరుకూ మెకానిక్కుకూ వదిలివేయదగిన విషయం కాదు.

ఇటీవలి తనిఖీలలో పాలకవర్గాల వారు మమ్మల్ని తరచు అడుగుతున్న ప్రశ్న ఇది: "పికప్ బండికి లాగుడు చాలడం లేదు. తక్కువ ఖర్చులో పెద్ద ఇంజను వేయించవచ్చునా?" మేము ఇంజను నిపుణులము కాము. కాని లెక్క చూడడం మా పని. ఆ లెక్కలో తెలిసిన సంగతులను సభ్యులకు వివరిస్తాము.

ఒక సంఘం అనుభవం

మెట్ట ప్రాంతంలోని ఒక సంఘం బండికి వాగు దగ్గర వెనుక ఇరుసు రాళ్లకు తగులుతుండేది. అందుకని కమాను కట్టలకు అదనపు పట్టీలు వేయించి బండిని ఎత్తు చేశారు. 27 అంగుళాల ఎత్తున్న టైర్లు తీసి 30 అంగుళాలవి వేశారు. వాగు దాటడం సులువైంది. కాని మిట్ట ఎక్కేటప్పుడు బండి మొదటి గేరుకు దిగసాగింది, నల్లపొగ వచ్చింది. లీటరుకు 10 కి.మీ. ఇచ్చే బండి, పుస్తకం ప్రకారం 8 కి.మీ.కు పడిపోయింది. డ్రైవరు డీజిలు అమ్ముకుంటున్నాడని అనుమానించి అతని జీతంలో కోత పెట్టారు. పాత సామాను దుకాణంలో పెద్ద ఇంజను చూసి, రిజర్వు నిధి నుంచి కొనడానికి తీర్మానం సిద్ధం చేసుకున్నారు.

మేము రూటు పుస్తకం తిరగవేశాము. ఊళ్లు అవే, దారి అదే. కాని టైర్లు మార్చిన నాటి నుంచి రోజుకు 60 కి.మీ. బదులు 54 కి.మీ. అని నమోదైంది. చక్రం పెద్దదైతే ఒక్కొక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం పాత చక్రం లెక్కనే చూపుతుంది. రోజుకు ఖర్చయిన డీజిలు ఆరు ముప్పావు లీటర్లు. 54 కి.మీ.కు లెక్క కడితే లీటరుకు 8, నిజంగా నడిచిన 60 కి.మీ.కు కడితే దాదాపు 9. అనగా తరుగులో సగం మీటరు తెచ్చినదే. మిగిలిన సగం మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన నాజిళ్లు, ఇంజనుపై పెరిగిన శ్రమ వల్ల వచ్చింది. డ్రైవరు దోషం ఏమీ లేదు.

లాగుడు తగ్గడానికీ ఇదే కారణం. 27ను 30తో భాగిస్తే 0.9 వస్తుంది. ఇంజను బలం మారకపోయినా చక్రం దగ్గర లాగుడు పదోవంతు తగ్గింది. గేరును కొంత పైకి మార్చి మిట్ట ఎక్కించినట్లే.

ఆ సంఘం వారు పాత కొలత టైర్లు వేసి, అదనపు పట్టీలు తీయించారు. ఫిల్టరు మార్చి, నాజిళ్లు పరీక్ష చేయించి, టాపెట్లు సరిచేయించారు. పంచాయతీతో మాట్లాడి వాగు దగ్గర మొరం పోయించారు. డ్రైవరుకు కోసిన జీతం తీర్మానం చేసి తిరిగి ఇచ్చారు. ఇంజను కొనే పని పడలేదు.

ముందుగా చూడవలసినవి

1. బరువు: 40 లీటర్ల పాలు సుమారు 41 కిలోలు. క్యానుతో కలిపి దాదాపు 50 కిలోలు. 30 క్యానులు ఎక్కిస్తే 1500 కిలోలు. ఆర్.సి.లోని బరువుతో సరిపోల్చండి.

2. పొగ: నల్లపొగ అయితే గాలి చాలకపోవడమో, నాజిళ్లు చెడడమో కారణం. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు మండుతున్నది, రింగులు చూడాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తూ, రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి.

3. క్లచ్: ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నది.

4. బ్రేకు: కొన్ని బండ్లలో వెనుక బరువును బట్టి బ్రేకు ఒత్తిడిని సరిచేసే వాల్వు ఉంటుంది. బండిని ఎత్తు చేస్తే ఆ వాల్వు బండి ఖాళీగా ఉన్నట్లు భావించి వెనుక బ్రేకు తగ్గిస్తుంది. నిండు క్యానులతో దిగుడులో ఇది ప్రాణాపాయం.

5. కంప్రెషన్: పై నాలుగూ సరిగా ఉన్నా లాగుడు లేకపోతే, అప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించండి.

ఇంజను నిజంగా అరిగితే

బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించడం సాధారణంగా చవకైన మార్గం. ఇంజను నంబరు మారదు. పెద్ద ఇంజను అయితే దాని ధర ఒక్కటే ఖర్చు కాదు. గేరుబాక్సు, క్రౌను, రేడియేటరు, బ్రేకులు ఆ బలానికి తగినవి కావాలి. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో ఇంజనును కంప్యూటరు నడుపుతుంది. వేరే ఇంజను అందులో బిగించడం రోడ్డు పక్క షెడ్డులో అయ్యే పని కాదు.

చట్టం సంగతి కూడా గమనించాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేట్లు బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019లో ఈ సంగతినే స్పష్టం చేసింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ పడవచ్చు. అదే రకం ఇంజను వేయించవలసి వచ్చినా ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించి, కొత్త నంబరు ఆర్.సి.లో ఎక్కించి, బీమా సంస్థకు తెలియజేయాలి. బిల్లు లేని ఇంజను కొనవద్దు. అది ఆడిట్లో నిలవదు. ప్రమాదం జరిగిన నాడు బీమా సొమ్ముకూ చిక్కు రావచ్చు.

ఎద్దు లాగడం లేదంటే కాడి, నాడాలు, మేత, బండి బరువు చూసుకుంటాము. చూడకుండా సంతకు తోలము. సంఘం బండి విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. ఇంజను కొనుగోలు తీర్మానంపై సంతకాలు పెట్టే ముందు రూటు పుస్తకం, ఆర్.సి., మెకానిక్కు రాసి ఇచ్చిన పరీక్షా ఫలితం, ఈ మూడింటినీ సమావేశంలో సభ్యుల ముందు ఉంచవలసిందిగా పాలకవర్గాలను కోరుతున్నాము.