పాత చందమామలు పోస్టులో పంపేవారికి మూట కట్టే ఒడుపు తెలియాలి

కమలాపురం (మా విలేకరి): "పాత పేపర్లు కొంటాం, పాత పుస్తకాలు కొంటాం" అని మైకు పెట్టుకుని ఆటో వీధిలోకి రాగానే అటక మీది చందమామలు దించి తూకానికి వేసే ఇళ్లు మన పల్లెల్లో ఇంకా వున్నాయి. అదే పుస్తకాలను విడిగా, సంచిక లెక్కన కొనేవారు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై వంటి నగరాల్లో వున్నారు. కొనేవారు అక్కడ, పుస్తకాలు ఇక్కడ. మధ్యలో వున్నదల్లా ఒక పార్సిలు. ఆ పార్సిలు సరిగా కట్టడం చేతకాక నష్టపోతున్నవారు కొందరు.

కమలాపురంలో రిటైరైన ఒక అయ్యవారి సంగతే ఇందుకు ఉదాహరణ. ఆయన చిన్ననాటి నుంచి కొన్న చందమామలు గోడలోని నాపరాతి గూట్లో భద్రంగా దాచుకున్నారు. ఇల్లు విప్పి కట్టవలసి వచ్చింది. డబ్బూ అవసరమైంది. మనవడు ఫోనులో వెదికి హైదరాబాదులో కొనే మనిషిని కుదిర్చాడు. రెండేండ్ల సంచికలు, మొత్తం 24, ముందుగా పంపాలని ఒప్పందం. డబ్బు ముందే ముట్టింది.

అయ్యవారు పుస్తకాలన్నీ ఒకే దొంతరగా పేర్చి, పురికొసతో బిగించి కట్టి, పాత పేపరు చుట్టి, ప్లాస్టిక్ గోతంలో వేసి కుట్టించారు. ముసురు పట్టిన రోజులు. మూట చేరింది గాని పురికొస కోసుకుపోయి అంచులు చీలాయి. పై మూడు సంచికల అట్టలు తేమకు ఒకదానికొకటి అతుక్కున్నాయి. కొన్నాయన ఫోటోలు తీసి పంపాడు. అయ్యవారు అడగకముందే సగం డబ్బు వెనక్కి పంపేశారు.

"మూట కట్టింది నేను. తప్పు ఇంకెవరి మీద పెట్టేది?" అన్నారాయన. "డబ్బు పోతే పోయింది. అరవై ఏండ్లు కాపాడిన పుస్తకాలు నా చేతులతోనే చెడగొట్టుకుంటినే అని బాధ."

చందమామకు ఎందుకింత గిరాకి?

చందమామకు మన జిల్లాతో చుట్టరికం వుంది. చక్రపాణితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుంచి దానిని మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారే. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 వరకు దానికి సంపాదకత్వ బాధ్యత చూశారు. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు ఇంటింటా పరిచయమే. 2013 నాటికి పత్రిక ఆగిపోయింది. కొత్తవి రావు కనుక వున్నవాటికే విలువ. అందులోనూ ఒక ఏడాది 12 సంచికలూ తప్పకుండా వుంటే, అట్టలు చిరగకుండా వుంటే కొనేవారికి మోజు ఎక్కువ. అమరచిత్రకథ వంటి బొమ్మల పుస్తకాలకూ ఇదే లెక్క.

చీనీకాయలు నేర్పిన పాఠం

అయ్యవారి పక్కింటాయన ఏండ్ల తరబడి చీనీకాయలు లారీలకు ఎత్తించినవాడు. సంగతి విని, "కాయ కదిలితే కాయ చెడుతుంది అయ్యవారూ. సందు లేకుండా గడ్డి కూరేది అందుకే. మీ పుస్తకమూ అంతే" అన్నాడట. రెండో పార్సిలు ఆ మాట ప్రకారమే కట్టారు. ఆ పద్ధతి ఇది:

ముందుగా పుస్తకాలను నీడలో గాలికి ఆరబెట్టాలి. మండుటెండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది. మెత్తని పాతగుడ్డతో దుమ్ము తుడవాలి. పురుగు వుంటే అది పోయేదాకా పంపరాదు. చిరిగినచోట టేపు, బంక అంటించరాదు. పిన్నులు తుప్పు పట్టినా పీకరాదు. బైండు చేయించిన వాటిని విప్పరాదు. ఏ నెల సంచికలో ఏ లోపం వుందో కాగితం మీద రాసి, ఫోటోలు తీసి, కొనేవారికి ముందే చూపాలి. తర్వాత మాట రాదు.

ఒక్కొక్క సంచికను పలుచని ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. నాలుగైదు సంచికలను ఒక కట్టగా చేయాలి. వీపు వైపు మందంగా వుంటుంది గనుక ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి పేరిస్తే కట్ట సమంగా నిలుస్తుంది. కట్టకు కింద, పైన పుస్తకం కంటే అరంగుళం పెద్దవైన గట్టి అట్టలు పెట్టాలి. టేపు అట్ట నుంచి అట్టకే వేయాలి, పుస్తకాన్ని తాకరాదు. పురికొస అసలే వద్దు. ఆ పైన వాన తడవకుండా ప్లాస్టిక్ పట్ట చుట్టాలి.

ఈ కట్టలను గట్టి అట్టపెట్టెలో పెట్టి, నాలుగు వైపులా, అడుగున, పైన అంగుళం మందాన నలిపిన కాగితం కూరాలి. మూత వేసి ఊపితే లోపల చప్పుడు కారాదు. ఒకే పెద్దపెట్టె కంటే రెండు చిన్నపెట్టెలు మేలు. బరువు పెట్టె చేయి జారితే మూలలు చితుకుతాయి. పైన చిరునామా తడిసినా పనికి వచ్చేట్టు లోపల కూడా ఇద్దరి చిరునామాలు, ఫోను నెంబర్లు రాసిన చీటీ వుంచాలి.

పోస్టాఫీసులో గమనించవలసినవి

పుస్తకాలకు ఇదివరకు వున్న చవక బుక్‌పోస్టు సదుపాయం 2024 చివర తీసివేశారు. 2025 మే 1న తపాలా శాఖ "జ్ఞాన్ పోస్టు" ప్రారంభించింది. అప్పుడు పెట్టిన ధర 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. చదువుకు, సంస్కృతికి, మతానికి సంబంధించిన పుస్తకాలకు ఇది వర్తిస్తుంది. వ్యాపార ప్రకటనలున్న ప్రచురణలు చెల్లవు. పాత చందమామల్లో ప్రకటనలు వుండేవి గనుక వాటిని స్పీడు పోస్టు పార్సిలుగా పంపడమే క్షేమం. విలువైనవైతే ఇన్సూరెన్సు గురించి కౌంటరులో అడగాలి. రసీదు మీది నెంబరు కొన్నవారికి వెంటనే తెలపాలి. ఆర్టీసీ కార్గో కూడా ఒక దారి.

మరొక హెచ్చరిక. డబ్బు పంపుతున్నామని చెప్పి ఫోనులో కోడు స్కాన్ చేయమన్నా, పిన్ను కొట్టమన్నా నమ్మరాదు. మనకు డబ్బు రావడానికి అవేవీ అక్కరలేదు.

అయ్యవారి రెండో పార్సిలు చెక్కు చెదరకుండా చేరింది. పూర్తి ధర దక్కింది. ఇంకా మూడు పెట్టెల పుస్తకాలు పోవలసి వున్నాయి. ఒక ఏడాది సంచికలు మాత్రం ఆయన అమ్మకుండా పక్కన పెట్టారు. "ఇవి ఇంట్లో వుండనీ జేజినాయనా" అని మనవడు అడిగాడట.