ఈ ఫోటోలో ఉన్నది ఎవరు?

పండగకి ఇంటికి సున్నం వేయాలి. గోడ మీది పటాలు దించాం. ఒక పటంలో పాత ఫోటో ఉంది. అందులో తొమ్మిది మంది ఉన్నారు.

"అమ్మా, వీళ్ళెవరు?" అని మా పాప అడిగింది. మామగారి పేరు చెప్పాను. ఆయన అన్నదమ్ముల పేర్లు చెప్పాను. కూర్చున్న ఆడవాళ్ళ పేర్లు మాత్రం నాకు తెలియవు.

"ఈమె తాతయ్య వదిన" అన్నాను.

"ఆమెకు పేరు లేదా?" అంది పాప.

పేరు ఎందుకు లేదు? ఉంది. తెలిసినవాళ్ళు ఉండగానే మనం అడిగి రాసుకోవాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

ముందుగా ఫోటో వెనక్కి తిప్పి చూడండి. స్టూడియో ముద్ర ఉంటే, దాని మీద ఊరి పేరు ఉండొచ్చు. ఫోటో అద్దానికి అంటుకుపోతే లాగకండి. చిరిగిపోతుంది.

ఫోటోలో వెనుక కనిపించేదంతా నిజం కాదు. పాత స్టూడియోల్లో బొమ్మలు గీసిన తెర కట్టేవారు. తెర మీద మేడ ఉంటే అది మన మేడ కాదు!

బయట తీసిన ఫోటోలో గుర్తులు వెతకండి. విజయవాడలో ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. ఫోటోలో ఆ బ్యారేజి మీద మనుషులు నడుస్తూ కనిపిస్తే, అది అంతకు ముందు తీసింది కాదు.

పెద్దవాళ్ళకు సంవత్సరం గుర్తుండదు. ఇలా అడగండి:

"దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" ఆ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది.

"ఏ పుష్కరాలకు తీయించుకున్నారు?" గోదావరి పుష్కరాలు 1979లో, 1991లో, 2003లో, 2015లో జరిగాయి.

"ఒళ్ళో ఉన్న బిడ్డ ఎవరు?" ఆ బిడ్డ ఎప్పుడు పుట్టిందో తెలిస్తే ఫోటో ఎప్పటిదో తెలుస్తుంది.

ఒక్కరినే అడిగి ఊరుకోకండి. ఇద్దరు రెండు పేర్లు చెబితే, రెండూ రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి.

ఫోటో వెనుక పెన్నుతో రాయకండి. గట్టిగా రాస్తే ముందు వైపు గీతలు పడతాయి. అంచున పెన్సిలుతో మెల్లగా రాయండి. పటం కట్టిన ఫోటో అయితే, కాగితం మీద రాసి పటం వెనుక అంటించండి. ఎడమ నుంచి కుడికి వరుసగా రాయండి.

"అమ్మమ్మ" అని రాస్తే చాలదు. ఎవరి అమ్మమ్మ? రేపు చదివేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? "ఫలానా ఆయన భార్య" అన్నా చాలదు. ఆమె అసలు పేరు, ఇంట్లో పిలిచే పేరు, పుట్టినూరు రాయండి.

మా మామగారి చెల్లెలికి ఎనభై ఏళ్ళు దాటాయి. ఫోటో పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాం. ఆమె ఒక్కొక్కరి మీద వేలు పెట్టి చెప్పింది. పాప చూస్తుండగా నేను రాశాను. తాతయ్య వదిన పేరు కూడా దొరికింది.

ఎనిమిది పేర్లు రాశాం. చివర కూర్చున్న ఆమెను మాత్రం ఆవిడ కూడా పోల్చుకోలేకపోయింది. "మా అక్కకి తెలుసు. అక్క పోయిన ఏడాదే పోయింది" అంది.

ఆ చోటు ఖాళీగానే ఉంది.

మీ ఇంట్లో పాత ఫోటో ఉందా? పెన్సిలు తీసుకుని ఈ రోజే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి.