శక్తి పెరిగితే బాధ్యతా పెరగాలి

మన ఇళ్లలో మట్టిబాటల బైకు సరదా గల యువకుడు ఎక్స్‌పల్స్ 200 నుండి హిమాలయన్ 450కి మారాలని ముచ్చటపడతాడు. ఇంజను శక్తి సుమారు 19 హార్స్‌పవర్ నుండి 40కి చేరుతుంది. బరువు 196 కిలోలవుతుంది. వదులు మట్టిలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే వెనుక చక్రం జారిపోతుంది.

వాహనమెక్కి మనం పఠించే దుఆ (అజ్జుఖ్రుఫ్: 13, 14) దానిని మనకు వశపరచినవాడు అల్లాహ్‌యేనని, చివరికి ఆయన వైపుకే మరలిపోవలసి ఉందని గుర్తుచేస్తుంది. ప్రాణం ఆయన అప్పగించిన అమానతు. కనుక తల్లిదండ్రులుగా మనం వద్దని ఊరుకోక, షరతులు విధిద్దాం: వడ్డీ అప్పుతో బండి కొనరాదు. హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలు ముందు, బండి తరువాత. తొలిరోజులలో ఖాళీ మైదానంలో, అనుభవజ్ఞుని తోడుతో సాధన చేయాలి. ఒంటెను కట్టి, ఆపైన తవక్కుల్ చేయమన్నదే కదా దైవప్రవక్త (సఅసం) బోధ!