నల్లబల్లే కంప్యూటరైన బడి

పరీక్షలో కంప్యూటర్ పేపర్ ఉంది. బడిలో కంప్యూటర్ లేదు. ఘనాలోని అషాంటీ ప్రాంతంలో ఓ జూనియర్ హైస్కూల్ పరిస్థితి ఇది. ఉపాధ్యాయుడు రిచర్డ్ అపియా అకోటో రంగు సుద్దలతో మైక్రోసాఫ్ట్ వర్డ్ తెరను నల్లబల్లపై గీసి పాఠం చెప్పారు. 2018లో ఆ ఫొటోలు ప్రపంచమంతా చుట్టొచ్చాయి. మైక్రోసాఫ్ట్ ఆయన్ను సింగపూర్ సదస్సుకు ఆహ్వానించింది. మన దేశానికి చెందిన ఎన్ఐఐటీ ఘనా శాఖ కంప్యూటర్లు అందించింది.

ఆ బడికి సాయం దొరికింది. మరి ఫొటోకెక్కని బడుల మాటేమిటి?

ఘనా 2017లో సీనియర్ హైస్కూల్ చదువును ఉచితం చేసింది. పిల్లలు పోటెత్తారు. గదులు చాలక, మరుసటి ఏడాదే పిల్లలను రెండు జట్లుగా విడదీసి వంతులవారీగా బడికి రప్పించే ‘డబుల్ ట్రాక్’ పద్ధతి తెచ్చారు. ఫీజు ఒక్క ఉత్తర్వుతో పోతుంది. ల్యాబ్, పుస్తకాలు, దారిచూపే కౌన్సెలర్ మాత్రం ఉత్తర్వుతో రారు.

ఘనా, నైజీరియా, సియెర్రా లియోన్, లైబీరియా, గాంబియా... ఈ అయిదు దేశాల విద్యార్థులకు చివరి పరీక్ష పెట్టేది ఒకే మండలి. ల్యాబులో ప్రయోగం చేసినవారూ, దాన్ని బొమ్మలో మాత్రమే చూసినవారూ అదే పరీక్ష రాయాలి.

ఆక్రా, లాగోస్‌లలో స్థిరపడిన మన కుటుంబాలు పక్కనున్న ప్రభుత్వ బడికి సాయపడాలనుకుంటే, ముందు అక్కడి టీచర్‌ను అడగాలి. కరెంటు నిలకడగా ఉండని చోట కంప్యూటర్ కంటే పాఠ్యపుస్తకాలే ఎక్కువ అక్కరకు రావచ్చు. ఏది కావాలో బాగా తెలిసింది ఆ సుద్దముక్క పట్టుకున్నవారికే.