ఆటిజం ఉన్న ఇంట్లో ఆలుమగలు: అపోహలు – వాస్తవాలు

ఆటిజం అనగానే మన దగ్గర చిన్నపిల్లలు, స్పీచ్ థెరపీ సెంటర్లే గుర్తొస్తాయి. ఆ పిల్లలూ పెద్దవుతారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. కొందరికైతే తమకు ఆటిజం ఉందన్న సంగతి పెళ్లయిన పదిహేనేళ్లకు గానీ తెలియదు. అప్పటికే ‘మా ఆయనకు నా మీద ధ్యాసే లేదు’, ‘మా కోడలికి మనుషులంటే గిట్టదు’ అన్న మాటలు ఇంట్లో పాతుకుపోయి ఉంటాయి. కాపురాలను దెబ్బతీస్తున్న అలాంటి అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: ఆటిజం పిల్లలకు వచ్చేది, పెద్దయ్యాక పోతుంది.

వాస్తవం: ఆటిజం మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా. చిన్ననాడే మొదలై జీవితాంతం ఉంటుంది. మాటలు రానివాళ్లూ ఉంటారు, సాఫ్ట్‌వేర్ టీములు నడిపేవాళ్లూ ఉంటారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆస్పర్జర్ సిండ్రోమ్ సహా అంతవరకు వేరువేరుగా చూసిన రకాలను ‘ఆటిజం స్పెక్ట్రమ్’ అన్న ఒకే పేరు కిందికి తెచ్చింది. అంతకుముందు తరంలో చదువు బాగా వచ్చిన పిల్లవాడిని ఎవరూ అనుమానించలేదు. ఇప్పుడు తమ బిడ్డను పరీక్షకు తీసుకెళ్లి, డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ ‘ఇవన్నీ నాకూ ఉన్నాయే’ అనుకునే తల్లిదండ్రులు ఉన్నారు.

ఆడవాళ్ల విషయంలో ఇంకా ఆలస్యం. ఎక్కడ నవ్వాలో, ఎప్పుడు తలూపాలో పక్కవాళ్లను చూసి నేర్చుకుని నెట్టుకొస్తారు. దీన్నే మాస్కింగ్ అంటారు. ‘అణకువైన పిల్ల’ అన్న మెప్పు చాటున అసలు సంగతి మరుగున పడుతుంది.

అపోహ: పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి.

వాస్తవం: పెళ్లితో ఆటిజం పోదు. పైగా భారం పెరుగుతుంది. అంతవరకు తన గది, తన వేళలు, తన తిండి. పెళ్లవగానే కొత్త మనుషులు, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాలు, వరసపెట్టి పండుగలు. అన్నాళ్లూ ఆసరాగా ఉన్న పద్ధతులన్నీ ఒక్కసారిగా తలకిందులవుతాయి. ఆటిజం ఉందని తెలిసి దాచిపెట్టి చేసే పెళ్లి ఇద్దరికీ అన్యాయమే. సంబంధం మాట్లాడుకునేటప్పుడే చెప్పేయాలి.

అపోహ: వాళ్లకు మనసుండదు, ఎదుటివాళ్ల బాధ పట్టదు.

వాస్తవం: ఒక ఇంటిని ఊహించుకోండి. రాత్రి ఎనిమిదవుతోంది. భార్య ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూలబడి ‘తల పగిలిపోతోంది’ అంది. ఆటిజం ఉన్న భర్త ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి ‘టీవీ కింద సొరుగులో మాత్ర ఉంది’ అని చెప్పి మళ్లీ పనిలో పడ్డాడు. ఆమె కోరుకున్నది అతను వచ్చి పక్కన కూర్చోవడం, ‘ఇవాళ వంట నేను చూస్తాలే’ అనడం. అతనికి వినిపించింది ఒక సమస్య. దానికి తనకు తెలిసిన మందు చెప్పాడు. తన లెక్కలో సాయం చేసినట్టే. కాసేపటికి వంటింట్లో గిన్నెలు దబదబా మోగుతుంటే ఎందుకో అతనికి అంతుపట్టదు.

అతనికి ప్రేమ ఉంది. అందనిదల్లా ఆమె పైకి అనకుండా వదిలేసిన సగం మాట. ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ 2012లో దీన్ని ‘డబుల్ ఎంపతీ’ సమస్య అన్నారు. ఆటిజం ఉన్నవారికి లేనివారి మనసు ఎంత అందదో, లేనివారికి ఉన్నవారి మనసూ అంతే అందదని ఆయన వాదన. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరసగా చెప్పించి చూశారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే ఉన్న వరస, లేనివాళ్ల వరసకు ఏమాత్రం తీసిపోలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి తమలో రేగిన భావం కోపమో, దిగులో, అలసటో తామే తేల్చుకోలేని అలెక్సిథైమియా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ‘నీకేమనిపిస్తోంది?’ అని నిలదీస్తే వచ్చే ‘తెలీదు’ చాలాసార్లు నిజమైన జవాబే. ఒక రోజు టైమివ్వండి. ఎదురుగా నోరు పెగలకపోతే వాట్సాప్‌లో రాయమనండి.

తలనొప్పి సంగతిలో సూటిగా అడగడమే దారి: ‘పది నిమిషాలు నా పక్కన కూర్చో. ఇవాళ వంట నువ్వు చెయ్యి.’ ‘అడిగి చేయించుకుంటే అందులో ప్రేమేముంది?’ అంటారు చాలామంది. అడిగింది గుర్తుపెట్టుకుని శ్రద్ధగా చేయడమూ ప్రేమే.

అపోహ: ముభావంగా గదిలోకి పోవడం పొగరు, ఉన్నట్టుండి అరవడం మొండితనం.

వాస్తవం: ఫంక్షన్ హాల్లో ఆడపడుచు పెళ్లి. బ్యాండు మేళం, కళ్లలో పడే వీడియో లైట్లు, నలుగురి సెంటు వాసన, ఒంటికి గుచ్చుకునే జరీ. రెండు గంటలు నవ్వుతూ ఫొటోలకు నిలబడ్డ కోడలు భోజనాల వేళకు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ‘మనవాళ్లంటే లెక్కలేదు’ అని బంధువులు తేల్చేశారు.

చప్పుడు, వెలుతురు, వాసన, స్పర్శ ఆటిజం ఉన్నవారిలో చాలామందికి భరించలేనంతగా తగులుతాయి. అవి హద్దు మీరినప్పుడు కొందరు మాట రాక బిగుసుకుపోతారు, అది షట్‌డౌన్. కొందరు ఏడుస్తారు, అరుస్తారు, అది మెల్ట్‌డౌన్. రెండూ కావాలని చేసేవి కావు. ఆ సమయంలో వాదన, ప్రశ్నలు పరిస్థితిని ఇంకా పాడుచేస్తాయి. పెళ్లికి వెళ్లేముందే మాట్లాడుకోండి: ఎంతసేపు ఉందాం, ఏ గదిలో కాసేపు విడిగా కూర్చోవచ్చు, అడిగినవాళ్లకు జవాబు ఎవరు చెప్పాలి.

ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు లేచి వెళ్లేవాళ్లు తిరిగొచ్చే వేళ కూడా చెప్పాలి: ‘ఇప్పుడు నా వల్ల కాదు, తొమ్మిదిన్నరకు మాట్లాడదాం.’ తొమ్మిదిన్నరకు వచ్చి కూర్చోవాలి. రాకపోతే ఎదురుచూసినవాళ్లకు అది ఎగవేతగానే కనిపిస్తుంది.

అపోహ: సర్దుకుపోవాల్సింది ఒక్కరే.

వాస్తవం: ‘ఆటిజం ఉన్న మనిషే మారాలి’ అని ఒకరంటే, ‘లేనివాళ్లే ఓర్చుకోవాలి’ అని మరొకరంటారు. రెండూ ఎక్కువకాలం నడవవు. పక్కనే మనిషి ఉన్నా ఒంటరిగా ఉన్నానన్న భాగస్వామి బాధ నిజం. రోజంతా మామూలుగా కనిపించడానికి పడే శ్రమతో వచ్చే అలసటా నిజం. ‘ఇంట్లో కాస్త సాయం చేయొచ్చుగా’ అంటే అర్థం కాకపోవచ్చు. ‘మంగళ, శుక్రవారాలు బట్టలు ఉతికించి ఆరేయడం నీ పని’ అంటే పని జరుగుతుంది. ఊరి ప్రయాణాలు, చుట్టాల రాకలు ముందే చెప్పండి. పడకగది సంగతులూ ఇంతే. ఏ స్పర్శ హాయి, ఏది చిరాకు అన్నది ఊహలకు వదలకుండా ఇద్దరూ మాటల్లో చెప్పుకోవాలి.

అపోహ: ఆటిజం ఉంది కాబట్టి తిట్టినా, కొట్టినా భరించాలి.

వాస్తవం: అక్కర్లేదు. బెదిరించడం, డబ్బులివ్వకుండా కట్టడి చేయడం, చేయి చేసుకోవడం ఆటిజం లక్షణాలు కావు. బాధితురాలు మహిళ అయితే 2005 నాటి గృహహింస చట్టం ఇక్కడా వర్తిస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181. మాటను యథాతథంగా నమ్మే స్వభావం వల్ల ఆటిజం ఉన్నవారే మోసానికి, వేధింపులకు లోనయ్యే ముప్పూ ఉంది.

అపోహ: మందులతో ఆటిజం తగ్గిపోతుంది, లేదంటే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. దానితోపాటు తరచూ ఉండే ఆందోళన, డిప్రెషన్, నిద్రలేమి, ఏడీహెచ్‌డీలకు చికిత్స ఉంది. వాటికి చికిత్స జరిగితే కాపురంలో చాలా చికాకు తగ్గుతుంది. నిర్ధారణకు సైకియాట్రిస్టును గానీ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. ‘పెద్దవాళ్లలో ఆటిజం చూశారా?’ అని ముందే అడగండి. ‘ఒకరి కళ్లలోకి ఒకరు చూసి మనసు విప్పండి’ అనే కౌన్సెలింగ్ ఈ జంటలకు పనిచేయకపోగా బెడిసికొట్టవచ్చు. ఎవరిని కలవాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇది చదివి ‘మా ఇంట్లోనూ ఇదే’ అనిపిస్తే నిర్ధారణ మీరే చేసేయకండి. గొడవలో ‘నీకు ఆటిజం’ అన్న మాటను తిట్టుగా అసలే వాడకండి. కావలసింది సూటిగా అడగడం, కాదంటే కాదని చెప్పడం, ఇచ్చిన మాటకు నిలబడడం ఇవాళే మొదలుపెట్టండి. వాటికి ఏ డాక్టరు చీటీ అక్కర్లేదు.