పీజీ నర్సింగ్‌కు ముందు ఆ ఒక్క ఏడాది

దిండి వంతెన దాటి చదువుకు వెళ్లిన అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ముగించి ఇంటికొచ్చిందనుకోండి. పనిలో పనిగా ఎమ్మెస్సీ కూడా చేయించేద్దామంటారు నాన్న. గల్ఫ్‌కు పంపితే నాలుగు డబ్బులొస్తాయంటాడు మేనమామ. ఎమ్మెస్సీ వైపే మొగ్గినా వెంటనే చేరడం కుదరదు. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది పనిచేసిన అనుభవం ఉండాలి. జీఎన్ఎం చదివి పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసినవారికైతే ఆ కోర్సుకు ముందు చేసిన ఉద్యోగమూ చెల్లుతుంది. మార్కులు 55 శాతం తగ్గకూడదు. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. ఎయిమ్స్‌లో మాత్రం 60 శాతం కావాలి, ప్రవేశపరీక్ష వేరుగా రాయాలి. మన రాష్ట్రంలో ప్రవేశాలు చూసేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం.

ఈ ఏడాది దండగని చాలామంది తల్లిదండ్రుల బాధ. నాకైతే అన్నిటికన్నా న్యాయమైన నిబంధన ఇదే అనిపిస్తుంది. కాన్పయిన తల్లికి రక్తస్రావం ఆగకపోతే ముందు ఏం చేయాలో గైడు చదివి పరీక్షలో గుర్తుపెట్టొచ్చు. రాత్రి డ్యూటీలో చేతులు వణక్కుండా చేయడం వార్డులోనే వస్తుంది. ప్రసూతి, పిల్లలు, మానసిక ఆరోగ్యం వంటి విభాగాల్లో తనకేది సరిపడుతుందో తెలిసేదీ అక్కడే.

పనిచేయకుండానే అనుభవపత్రం ఇప్పిస్తామనేవాళ్ల జోలికి పోకండి. రాష్ట్ర కౌన్సిల్‌లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్ట్రేషన్ అయ్యాకే ఉద్యోగంలో చేర్చండి. నియామకపత్రం, జీతం పడిన బ్యాంకు పాసుపుస్తకం దాచి ఉంచండి.