తుమ్ముకు ముందు ఒక్క బిగింపు

దగ్గినప్పుడో, తుమ్మినప్పుడో, నీళ్ల బిందె ఎత్తినప్పుడో నాలుగు చుక్కల మూత్రం జారిపోతుంది. కాన్పులయ్యాక ఇదంతా మామూలేనని అమ్మలూ అత్తలూ చెబుతారు. చాలామందికి వస్తుందన్నది నిజమే. అలాగని భరిస్తూ కూర్చోనక్కర్లేదు, ఆపరేషన్‌కు పరుగెత్తనూ అక్కర్లేదు.

మూత్రాశయాన్నీ గర్భసంచినీ చీరతో కట్టిన ఉయ్యాలలా కింది నుంచి మోసే కండరాలున్నాయి. కాన్పుల్లో అవి సాగి వదులైతే, దగ్గుతో పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడు మూత్రనాళం గట్టిగా మూసుకోలేదు.

ఈ కండరాలకు వ్యాయామం నేర్పుతూ 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ఓ వ్యాసం ప్రచురించాడు. ఆయన పేరు అందరికీ తెలిసింది, పట్టుబట్టిన విషయం మాత్రం మరుగునపడింది. నోటిమాటగా చెప్పి పంపితే చాలదని ఆయన వాదన. అందుకే బిగింపు ఎంత బలంగా ఉందో ముల్లు కదిలి చూపించే పెరినియోమీటర్‌ను తయారుచేశాడు. 1991లో 47 మంది స్త్రీలకు నోటితో చెప్పి చేయించి చూస్తే, సరిగ్గా చేసింది సుమారు సగం మందే. పావువంతు మంది చేసిన తీరైతే మూత్రం జారడాన్ని పెంచేదే!

గ్యాస్ బయటికి పోకుండా ఆపుకునేటప్పుడు బిగిసేవే ఆ కండరాలు. వాటిని లోపలికి, పైకి లాగాలి. ఊపిరి బిగబట్టకూడదు, తొడలు, పిరుదులు బిగించకూడదు. సరిగ్గా పడుతోందో లేదో డాక్టరు వేలితో పరీక్షించి చెప్పగలరు. సిగ్గుపడకుండా ఆ పరీక్ష అడిగి చేయించుకోవాలి. ఆ తర్వాత విడతకు కనీసం 8 బిగింపులు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలపాటు, నేర్పేవారి పర్యవేక్షణలో చేయాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బరువు తగ్గడమూ మందే. అధిక బరువున్న 338 మంది స్త్రీలపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. శరీర బరువులో సగటున 8 శాతం తగ్గినవారికి, వారంలో మూత్రం జారే సందర్భాలు దాదాపు సగానికి పడిపోయాయి. మూత్రనాళానికి ఊతమిచ్చేలా యోనిలో అమర్చే పెసరీ అనే సిలికాన్ రింగు కొందరికి చక్కగా పనికొస్తుంది. లేజర్ చికిత్సల ప్రకటనలు చూసి డబ్బు కట్టేవారు మాత్రం ఆగి ఆలోచించాలి. వాటి భద్రత, ప్రయోజనం తేలలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది.

ఇంకో చిన్న కిటుకుంది. దగ్గబోయే క్షణంలో, దగ్గుకన్నా ముందే ఆ కండరాలను బిగించి పట్టుకోవడం. 1998లో మిషిగన్ పరిశోధకులు దీన్ని వయసు పైబడిన స్త్రీలకు నేర్పి, వారం తర్వాత పరీక్షించారు. ఓ మోస్తరు దగ్గుకు జారే మూత్రం సగటున 98 శాతం, గట్టి దగ్గుకు 73 శాతం తగ్గింది. వారంలో కండరానికి అంత బలం రాదు. వాళ్లు నేర్చుకున్నది ఎప్పుడు బిగించాలన్నదే.